బొద్దు కూర్చునే తీరు

గచ్చుకు మెరుగు పెట్టడంలో ఆ మేస్త్రికి సాటి లేరు. ఆయన మిషను తిరిగిన మొజాయిక్ గచ్చులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని జనం చెప్పుకునేవారు. అలా అసలు పేరు మరుగునపడి 'అద్దాల మేస్త్రి' అన్నదే మిగిలింది. పరాయి ఇళ్ళకే అంత చేసినవాడు సొంత ఇంటిని వదులుతాడా? గదులన్నీ తళతళలాడేవి. ఈగ వాలినా నడుం విరగ్గొట్టుకుంటుందని ఆ ఇంట్లోనే ఉండే ఆయన అత్తగారు దెప్పుతూనే ఉండేది.

ఆ ఇంటికి తేనెరంగు లాబ్రడార్ కుక్కపిల్ల ఒకటి వచ్చింది. ఇల్లాలు ముచ్చటపడి తెచ్చుకుంది. చేతినిండా ఉందని 'బొద్దు' అని పిలిచారు. వచ్చిన వారానికే అది మేస్త్రి నీడైపోయింది. ఉదయం ఆయన దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని కూర్చుంటే, వచ్చి పక్కనే కూర్చునేది.

కూర్చోవడమంటే కుక్కలన్నీ కూర్చున్నట్టు కాదు. ఒక తుంటి నేలకు ఆనించి, వెనక్కాళ్ళు రెండూ ఓ పక్కకు పారేసి, అలిగిన పెద్దల్లుడిలా ఒరిగేది. ఒక్కోసారి ఆ కాళ్ళే ముందుకు చాపి, గోడకు వీపు చేరవేసి, బొజ్జ బయటపెట్టి, సుష్టుగా భోంచేసిన పెద్దమనిషిలా చూసేది. ఇంటిల్లిపాదికీ అదో వేడుక.

ఆ వేడుక పక్కింటి డ్రిల్లు మాస్టారి కంట పడింది. ఆయన ఉద్యోగం వదిలి చాలాకాలమైనా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. ఎవరు కాస్త వంగి నడిచినా వెనకనించి వీపు మీద చరిచేవాడు.

"మేస్త్రీ, ఇదేం కూర్చోవడమయ్యా? వీడి తుంట్లో ఏదో లోపముంది."

"పసివాడు కదా మాస్టారూ."

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వీడు మొక్కప్పుడే వంగిపోయాడు! రేపు మానైతే నడుస్తాడా? ఏయ్, నిటారుగా! ఛాతీ ముందుకు!"

బొద్దు ఆ గొంతుకు బెదిరి నిజంగానే నిటారుగా కూర్చుంది. ఒక్క క్షణం. తర్వాత వెనక్కాళ్ళు మెల్లగా చెరోవైపుకీ పోయి, ఎండలో పెట్టిన వెన్నముద్దలా మొత్తం నేలకు పరుచుకుపోయింది.

"మాస్టారూ, మీ బళ్ళో పిల్లలూ ఇంతేనా?" అంది అత్తగారు.

అందరూ నవ్వారు గానీ మేస్త్రి నవ్వలేకపోయాడు. ఈ జాతికి తుంటి జబ్బులు వస్తాయని ఆయనా ఎక్కడో విన్నాడు. పిల్లలో ఏదైనా లోపముంటే నెల లోపల తెచ్చేయండి, వేరే పిల్లనిస్తానని అమ్మినవాడు మాటిచ్చాడు. ఆ నెల వచ్చే ఆదివారంతో సరి. రాత్రి భోజనానికి కూర్చుంటూ ఆ మాటే ఎత్తాడు.

"మార్చుకురావడానికి వాడేమన్నా చీరా?" అంది ఇల్లాలు, కంచం కాస్త గట్టిగానే పెడుతూ.

"రేపు వాడు కాళ్ళీడ్చుకుంటుంటే చూడగలవా?"

"మీరు వాణ్ణి పంపేసి పొద్దున్నే ఒక్కరూ కూర్చోగలరా? అది చెప్పండి ముందు."

మర్నాడు ప్రార్థనలో మేస్త్రి అడిగాడు: 'స్వామీ, నువ్వే వంకర పెట్టావా, లేక మాకే వంకరగా కనిపిస్తోందా? వంకరున్నదాన్ని వెనక్కిచ్చేసి మంచిది తెచ్చుకోవడమేనా నువ్వు మెచ్చే పద్ధతి? మరి మమ్మల్ని నువ్వెవరికి ఇచ్చేయాలి?' దానికి జవాబుగా బొద్దు ఆవులించింది.

ఆ రోజే మొగుడూ పెళ్ళాలు దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళారు. ఆవిడ గదిలో రబ్బరు పట్టా పరిచి ఉంది. బొద్దు దానిమీద నాలుగడుగులు వేసి, కాళ్ళు దగ్గరకు తీసుకుని, బొమ్మలా తిన్నగా కూర్చుంది.

"చక్కగానే ఉన్నాడే!" అంది డాక్టరమ్మ.

"నమ్మండమ్మా, ఇంట్లో ఇలా కూర్చోడు," అన్నాడు మేస్త్రి కంగారుగా.

ఆవిడ కాళ్ళు వంచి చూసింది, చాపి చూసింది, గది చుట్టూ నడిపించింది. "నొప్పి లేదు. కుంటడం లేదు. ఎదిగే పిల్లలకు కాళ్ళు ముందు పెరుగుతాయి, పట్టు తర్వాత వస్తుంది. అందాకా చాలా పిల్లలు ఇలాగే కూర్చుంటాయి. ఎప్పుడైనా కుంటినా, లేవడానికి బాధపడినా తీసుకురండి, ఎక్స్‌రే తీద్దాం. అవునూ, మీ ఇంట్లో నేలెలా ఉంటుంది?"

ఆ ప్రశ్న మేస్త్రికి పండగే. "అద్దమేనమ్మా! మొహం చూసుకోవచ్చు! చుక్క నూనె పడిందంటే ఈ మూల నుంచి ఆ మూలకు..." అంటూనే ఆయన గొంతు సన్నబడింది. ఇల్లాలు గబుక్కున కిటికీలోంచి బయటికి చూసింది.

"గోళ్ళకు పట్టు దొరకదు కదా మరి," అంది డాక్టరమ్మ మెత్తగా. "రోజూ అలా జారుతుంటే ఎదిగే కీళ్ళకు మంచిది కాదు. ఏవైనా పరవండి."

చాపలు పరిచారు. పళ్ళొచ్చే వయసు కదా, తనకోసమే తెచ్చిన ఫలహారమనుకుంది బొద్దు. సాయంత్రానికి ఒక చాప పీచుపీచై మంచం కింద తేలింది. ఇంకోదాని మీదకు పరుగున వచ్చి ఎక్కితే, చాపా కుక్కా కలిసి పడవలా సాగి బీరువాకు కొట్టుకున్నాయి.

"ఇదివరకు కుక్కొక్కటే జారేది. ఇప్పుడు వాహనం కూడా ఇచ్చారు," అంది అత్తగారు.

శనివారం మేస్త్రి పనికి వెళ్ళలేదు. గచ్చు వంక చాలాసేపు చూశాడు. ఇల్లు చూపించే ఎన్నో పనులు తెచ్చుకున్నాడు. 'ఇలా కావాలి' అనేవారు వచ్చినవాళ్ళు. ఇక ఏం చూపిస్తాడు? అయినా లేచి, మిషను లోపలికి దొర్లించుకొచ్చాడు. దానికి అన్నిటికంటే గరుకు రాయి బిగించాడు. కొత్త గచ్చు ఎగుడుదిగుళ్ళు కొట్టేయడానికి తప్ప ఎవరూ వాడని రాయి అది. మీట మీద వేలు పెట్టి, తన మీసం తానే గొరుక్కోవాల్సొచ్చిన మంగలిలా ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నొక్కేశాడు.

"అమ్మాయ్, మీ ఆయనకు మతిపోయిందే!" అని అత్తగారు గుమ్మంలోంచి కేకేసింది.

ఇల్లాలు వచ్చి చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చీపురు తెచ్చి, తెల్లటి బురదను వెనకాలే తోయడం మొదలుపెట్టింది.

పొద్దు వాలేసరికి మెరుపంతా పోయి నేల పలకలా మిగిలింది. మోత విని వచ్చిన మాస్టారు బుగ్గలు నొక్కుకున్నాడు. "ఎంత పని చేశావయ్యా! మొహం కనిపించదే!"

"నేలలో కనిపించకపోతే ఉన్న మొహం ఎక్కడికి పోతుంది మాస్టారూ?"

పెరట్లో కట్టేసిన బొద్దును విప్పారు. అలవాటు కొద్దీ జాగ్రత్తగా అడుగేసింది. జారలేదు. ఇంకో అడుగేసింది. ఆ పైన ఇల్లంతా ఒక్క పరుగు తీసి, గోడకు కొట్టుకోకుండా తనంతట తానే ఆగింది! అందరూ ఎలా కూర్చుంటుందా అని చూశారు.

బొద్దు మేస్త్రి దగ్గరకొచ్చి, ఒక తుంటి నేలకు ఆనించి, కాళ్ళు రెండూ ఓ పక్కకు పారేసి, ఆయన పాదం మీద ఒరిగింది.

"చెప్పానా!" అన్నాడు మాస్టారు.

అంతలో వంటింట్లో గిన్నె చప్పుడైంది. బొద్దు బాణంలా లేచి, తిన్నగా దూసుకుపోయింది. ఒక్క కాలూ తడబడలేదు.

"కూర్చోవడం వాడిష్టం మాస్టారూ," అన్నాడు మేస్త్రి. "లేవడం చూశారా?"

ఆదివారం అమ్మినవాడే ఫోన్ చేశాడు. "ఈ రోజుతో గడువు అయిపోతుందండీ. ఏమైనా మార్చాలా?"

"మార్చేశామయ్యా," అన్నాడు మేస్త్రి.

"మార్చేశారా! ఏం మార్చారండీ?"

"గచ్చు."