ఎర్ర వంపుకు సపోర్టు

నా మనవరాలు అరుణశ్రీ హైదరాబాదులో పరిశోధన చేస్తుంది. సెలవుకు మా ఊరు టేకులపల్లి వచ్చినా ల్యాప్‌టాప్ వదలదు. ఆ ఉదయం వరండాలో ఆమె పక్కన కూర్చుని చాటలో పెసలు ఏరుతున్నాను. తెరమీద చుట్టలు తిరిగిన రిబ్బను లాంటి బొమ్మ. అంతా నీలం. ఒక్క వంపు మాత్రం ఎర్రగా ఉంది.

"ఏంది గది?"

"ప్రోటీన్ తాతా. ఒక రోగం క్రిమిది. గీ ఎర్ర వంపుల మందు పట్టుకుంటదని మా గైడు సారుకు నేనే చెప్పిన. ఆయన అవ్ అంటే మా ల్యాబు ఏడాది దీనిమీదనే పనిచేస్తది."

"ఎరుపెందుకు?"

"ఆడ అణువులు ఒక్క తీరుగ నిలబడలే. ఆ కదలిక లెక్కను బి ఫ్యాక్టర్ అంటరు, అది ఎక్కువున్నది. అందుకే సారు మళ్ళొకసారి చూడమన్నడు."

నేను బొగ్గు గనిలో సపోర్టు పని చేసినవాణ్ణి. పైకప్పును కర్రతో తట్టేవాళ్లం. డొల్లగా మోగితే కింద దుంగ నిలబెట్టేవాళ్లం.

"కదుల్తుంటే రెండు దుంగలు పెట్టు," అన్నాను.

"నీకు మా ల్యాబుల నౌకరి ఇప్పియ్యాలె."

"పింఛను చాల్లే."

నవ్వుతూనే ఏదో మీట నొక్కింది. బొమ్మ చుట్టూ బూడిదరంగు వల పరుచుకుంది.

"గిది మ్యాపు తాతా. ప్రయోగంల నిజంగ కనపడ్డది గీ వల ఒక్కటే. బొమ్మను మనుషులు దీంట్ల కూసోబెట్టిండ్రు."

ఎర్ర వంపు రెండు కొసలూ వలలోనే ఉన్నాయి.

"అంటే ఎర్రగున్నా అబద్ధం కాదా?"

"కాదు. కదిలేది కదుల్తది. వల ఉంటే నమ్మొచ్చు."

నడిమి ముక్క చుట్టూ మాత్రం వల లేదు. ఉత్తగాలిలో వేలాడుతోంది. మందు ఆనుకోవలసింది సరిగ్గా అక్కడే. ఆమె నవ్వు ఆగిపోయింది.

"గీ బొమ్మ కట్టినోళ్లు నువ్వన్నదే చేసిండ్రు తాతా. ఖాళీల ఊహతోని దుంగ పెట్టిండ్రు."

"మంచిదేగా."

"గనిల దుంగ బరువు మోస్తది. గిది ఏం మోస్తది?"

బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఫోను తీసింది.

"సార్, నేను చెప్పిన చోటు పనికిరాదు. నడుమ మ్యాపే లేదు. నేనే సరిగ చూడలే." అటు ఏమన్నాడో నాకు వినపడలేదు. "అవ్ సార్. ప్రోటీన్‌ల మందు కలిపి మళ్ళ క్రిస్టల్ పెంచి, కొత్త మ్యాపు తీసి చూస్త."

ఫోను పెట్టేసి నడిమి ముక్కను చెరిపేసింది. వంపులో సందు మిగిలింది.

"గట్లనే ఇడిసిపెడ్తవా?"

"అవ్. గట్లనే."

గనిలో అయితే దుంగ లేని అలాంటి సందు కింద నేను నిలబడను. ఆమె మాత్రం చాటను తనవైపు లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.