మా ఆయన బిగించిన కంప్యూటర్

మా ఆయన ముప్పై ఐదేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశారు. ఆయన విప్పని డబ్బా లేదు, బిగించని స్క్రూ లేదు. అందుకే నాకో కంప్యూటర్ కావాలనగానే, "కొనడమేంటే, నేను చేసిస్తాను" అన్నారు. వద్దన్నాను. వింటేనా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. భాగాలన్నీ విడివిడిగా తెప్పించి భోజనాల బల్లంతా పరిచారు. నాలుగు రోజులు ఇద్దరం కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. ఐదో రోజు కంప్యూటర్ వెలిగింది. దాంతో పాటు ఆయన ముఖమూ వెలిగింది.

ఈ వయసులో నాకు కంప్యూటర్ ఎందుకంటే, ఉద్యోగం కోసం. నవ్వకండి. నేను కోర్టులో టైపిస్టుగా పనిచేశాను. సాక్షి నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే కాగితం మీద పడేది. రిటైరై నాలుగేళ్లయింది. అప్పటి నుంచి నా వేళ్లు ఊరికే ఉండలేక బల్ల మీద, దిండు మీద, ఒక్కోసారి మా ఆయన వీపు మీద కూడా టైపు చేస్తూనే ఉన్నాయి. ఈమధ్య ఒక సంస్థవాళ్లు, ఇంట్లోనే కూర్చుని రికార్డింగులు విని టైపు చేసేవాళ్లు కావాలన్నారు. శనివారం పదకొండింటికి పరీక్ష, అదీ ఇంట్లో కంప్యూటర్ మీదే. నిమిషానికి నలభై మాటలు కొట్టాలి. తప్పితే ఆరు నెలల దాకా గుమ్మం తొక్కనివ్వరు. నేనింకా పనికొస్తానో లేదో నాకు తెలియాలి. నా తాపత్రయమంతా అదే.

బుధవారం సాధన మొదలుపెట్టాను. మొదటి రెండు నిమిషాలు మిషన్ గుర్రంలా పరుగెత్తింది. మూడో నిమిషానికి నీరుగారిపోయింది. నేను వాక్యం ముగించి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకునేసరికి, అప్పుడొక అక్షరం ఇప్పుడొక అక్షరం తీరిగ్గా స్క్రీన్ మీదికి వస్తున్నాయి.

"ఏవండీ, ఇది నడవట్లేదు, పాకుతోంది."

"నువ్వలా బాదితే ఏదైనా పాకుతుంది. ఇది మీ కోర్టు టైపు మిషన్ కాదు."

"మెల్లగా కొట్టినా అంతే."

"ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవరో. నేను బిగించిన దాంట్లో లోపమా? నీ చేతులే స్లో అయ్యుంటాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పూట వంటగదిలో గిన్నెలు కాస్త ఎక్కువ చప్పుడు చేశాయి.

లోపం లేదని నోటితో అన్నారే గానీ, నేను స్నానానికి వెళ్తే చాలు, స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చునేవారు. ఇంటర్నెట్ వైరు మార్చారు. మెమరీ పట్టీలు ఊడదీసి, తుడిచి, మళ్లీ గుచ్చారు. గురువారమంతా కూర్చుని లోపలున్న ప్రోగ్రాములన్నీ చెరిపేసి కొత్తగా ఎక్కించారు. చేసిన ప్రతిసారీ రెండు నిమిషాలు బ్రహ్మాండంగా పనిచేసేది. "చూశావా!" అని వీధి చివరి దాకా వినబడేలా అరిచేవారు. మూడో నిమిషంలో అది పాకడం మొదలుపెట్టగానే, మొక్కలకు నీళ్లు పోయాలంటూ బాల్కనీలోకి జారుకునేవారు. ఆ రెండు రోజుల్లో మొక్కలు కుళ్లిపోకపోవడం మా అదృష్టం.

శుక్రవారం నాకు భయం పట్టుకుంది. ఇక లాభం లేదని మా మరిదికి ఫోన్ చేశాను. అతనిది ఫ్రిజ్జులు బాగుచేసే పని. పనితనంలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి ఆ అన్నదమ్ములకు సగం జీవితం చాలలేదు. శనివారం పొద్దున్నే అతను సంచీ భుజాన వేసుకుని రావడం చూసి మా ఆయన ఒంటి కాలి మీద లేచారు.

"ఫ్రిజ్ బాగానే ఉందిగా. వీడెందుకొచ్చాడు?"

"నేను రమ్మన్నాను" అన్నాను.

మరిది ఏమీ పట్టించుకోకుండా కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కున్నాడు. "వదినా, పది నిమిషాలు ఆపకుండా టైపు చెయ్యి" అన్నాడు. చేశాను. అది పాకింది. అతను పెట్టె వెనక గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత లోపలి వేడి ఎంతుందో స్క్రీన్ మీద చూపించమన్నాడు. తొంభై ఎనిమిది డిగ్రీలు.

"ఇంకో రెండైతే నీళ్లు మరుగుతాయి అన్నయ్యా!"

"ఫ్యాన్ తిరుగుతూనే ఉందిగా" అన్నారు మా ఆయన.

"తిరుగుతోంది. కానీ లోపల కాలిపోతుంటే బయటికొచ్చే గాలి చల్లగా ఉందేంటి? వేడి ఫ్యాన్ దాకా రావట్లేదు. మధ్యలో ఏదో అడ్డముంది. కాలిపోకుండా ఉండాలని పాపం అది తనంతట తనే నెమ్మదిస్తోంది."

"ఫ్రిజ్జు వేరు, కంప్యూటర్ వేరు."

"వేడి మాత్రం వేడే అన్నయ్యా."

గడియారం తొమ్మిది దాటింది. "మీ తగువు పదకొండు తర్వాత తేల్చుకోండి. ముందు విప్పండి" అని అరిచాను.

మా ఆయనే విప్పారు. తమ్ముడి చెయ్యి పడనిస్తారా! ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగే లోహపు దిమ్మ ఒకటుంది. దాని మీదే ఫ్యాన్ ఉంటుంది. ఆ దిమ్మ ఊడదీసి తిరగేశారు. అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర అతుక్కుని ఉంది. దాని మీద అక్షరాలు కూడా ఉన్నాయి. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని దాన్ని కదా, కళ్లజోడు సర్దుకుని పైకే చదివేశాను.

"బిగించే ముందు ఈ పొర తీసివేయవలెను."

మరిది పొర వంకా, అన్నయ్య వంకా మార్చి మార్చి చూశాడు.

"సీలనుకున్నాను" అన్నారు మా ఆయన, గొంతు దించి. "సీలు తీస్తే షాపువాడు వాపసు తీసుకోడు కదా అని."

ఆయన షాపులో ముప్పై ఐదేళ్లు 'సీలు తీసిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు ఉండేది. ఆ బోర్డు చూపించి ఎంతమందితో పోట్లాడారో లెక్కలేదు. తన బోర్డుకు తానే భయపడ్డారన్నమాట. మరిది "కొండను తవ్వి ఎలుకను పట్టాం వదినా!" అని నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. నేనూ ఆపుకోలేకపోయాను. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పొర ఒలిచి, తుడిచి, వేడిని దిమ్మకు అందించే పేస్టు కొత్తగా రాసి, దిమ్మ బిగించారు. తప్పయిందని మాత్రం అనలేదు.

మరిది వెళ్లేసరికి పదిన్నర. వేడి నలభై ఐదు దాటట్లేదు. అక్షరాలు వేలి కిందే పుడుతున్నాయి.

పదకొండింటికి పరీక్ష మొదలైంది. ఐదు నిమిషాల రికార్డింగు. మొదటి వాక్యం హాయిగా సాగింది. రెండో వాక్యానికే తెలిసిపోయింది. ఇప్పుడు స్క్రీన్ నా కోసం ఎదురుచూస్తోంది. కుడిచేతి చిటికెనవేలు చెప్పిన మాట వినట్లేదు. తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టేలోపు రికార్డింగులోని గొంతు ముందుకు వెళ్లిపోతోంది. ఇన్నాళ్లూ మిషన్ నెమ్మది చాటున నా నెమ్మది దాక్కుంది.

ముప్పై ఆరు మాటలు. స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో వచ్చింది.

కింద ఒక ప్రశ్న ఉంది. 'పరీక్ష సమయంలో మీ కంప్యూటర్‌లో లోపం వల్ల ఇబ్బంది కలిగిందా?' అవునంటే మధ్యాహ్నం రెండింటికి మళ్లీ పరీక్ష పెడతారు. లేదంటే ఇదే ఫలితం ఖాయం.

"అవునని నొక్కు" అన్నారు మా ఆయన వెనక నుంచి. ఎప్పుడొచ్చి నిలబడ్డారో.

"ఎందుకు? బాగానే పనిచేసిందిగా."

"ఎక్కడ పనిచేసింది? నేను చూస్తూనే ఉన్నా. ఆగి ఆగి వచ్చాయి అక్షరాలు. నేనే సరిగ్గా బిగించలేదు. నా తప్పే. నొక్కవే."

స్క్రీన్ మూలన నలభై ఐదు డిగ్రీలని కనబడుతూనే ఉంది. అది ఆయనకూ కనబడుతోంది. పొర బయటపడ్డప్పుడు రాని మాట, ఏ లోపమూ లేని ఇప్పుడు వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పొంగలేదు.

అబద్ధమెందుకు, నా చెయ్యి 'అవును' దాకా వెళ్లింది. రెండింటికి కాస్త కుదురుగా కూర్చుంటే ఆ నాలుగు మాటలు కూడదీసుకోగలనేమో కూడా. కానీ కోర్టులో వేలకొద్దీ దొంగ సాక్ష్యాలు టైపు చేశాను. వాటిలో ఒక్కటీ నాది కాదు. పైగా ఈ సాక్ష్యం ఎవరి పనితనం మీద? 'లేదు' నొక్కాను.

"అయ్యో, ఎంత పని చేశావే!"

"బంగారంలా బిగించారు. ఇందులో వంక పెట్టడానికేం లేదు" అన్నాను. "నెమ్మదించింది నేను. ఆరు నెలలుంది, సాధన చేస్తాను. మీరు చెప్తూ ఉండండి, నేను కొడతాను."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. మీ నోటికొచ్చింది."

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచి, మళ్లీ మూసి, కళ్లు తుడుచుకున్నారు.

"మెల్లగానే చెప్పండి" అన్నాను. "నాకేం తొందర లేదు."