అద్దె రోగి

చొక్కా గుండీలు విప్పుకుని అతను బల్ల మీద వాలాడు. ఇవాళ నటించమని ఇచ్చిన కార్డులో కడుపునొప్పి. నిన్న చలిజ్వరం, మొన్న పక్షవాతం. వైద్య కళాశాలలో పన్నెండేళ్లుగా అతని కొలువు రోగి వేషం. యంత్రాల మధ్య చదివినవాళ్లకు పల్లెలో కాళ్లూ చేతులూ ఆడవని, పెద్ద డాక్టరు పట్టుబట్టి ఈ గది కట్టించాడు. అచ్చం పల్లె ఆసుపత్రే. సిగ్నలు లేని ఊరన్న లెక్కన విద్యార్థుల సెల్‌ఫోన్లు ఆఫీసులో పెట్టి తాళం వేస్తారు.

కోరినప్పుడు చెమట పట్టించుకోవడం కూడా అతనికి చేతనయింది. వచ్చిన చిక్కల్లా అదే.

"రాత్రి నిద్రలో మూలిగారు. అది ఏ కార్డండీ?" అంది పొద్దున భార్య. "ఏదో రోజు నాన్నా పులి కథవుతుంది, చూస్తూండండి."

అతను నవ్వేశాడు గానీ ఆ మాట వదల్లేదు. నిజంగా జబ్బు చేస్తే ఎవరు నమ్ముతారు? అసలు తనకైనా తెలుస్తుందా?

చివరి ఏడాది చదివే అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. "చెప్పు తాతా, ఏమైంది?"

"కడుపులో నొప్పమ్మా."

చెయ్యి మాత్రం కడుపు మీదికి పోలేదు. వెళ్లి దవడ పట్టుకుంది. ఎవరి చెయ్యో అన్నట్టు అతను దానివైపు చూశాడు.

"ఇది నేను చేస్తున్నానో, దానంతటదే వస్తోందో తెలీడం లేదమ్మా."

ఆ మాటకు ఎవరైనా నవ్వేవాళ్లే. ఆమె నవ్వలేదు. నాడి పట్టుకుంది, చల్లబడ్డ నుదురు తాకింది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"ఇది వేషం కాదు తాతా. గుండెనొప్పి."

"హమ్మయ్య," అన్నాడు. చెప్పేవాళ్లు దొరికినందుకు అతనికి నిజంగానే హాయిగా ఉంది.

ఆమె ఆక్సిజన్ సిలిండరు తిప్పింది. ఖాళీ. బల్ల మీది ఫోను ఎత్తింది. తీగ లేదు. బీరువాలో మందుల పెట్టెలు దూదిలా తేలిగ్గా లేచొచ్చాయి. పాఠానికి అవి చాలు మరి.

"ఇక్కడేవీ నిజం కావమ్మా," అన్నాడు, తన ఇంట్లో ఏదో లోటు జరిగినట్టు నొచ్చుకుంటూ.

ఆమె అసలు ఆసుపత్రికి పరుగెత్తింది. రెండు వీధుల అవతల.

అతనికి ఒక పని మిగిలింది. విద్యార్థులు తన మాట ఎంత శ్రద్ధగా విన్నారో రోగే పదికి మార్కులు వెయ్యాలి. ఇన్నేళ్లలో ఏడు దాటి ఎవరికీ వెయ్యలేదు. కాగితం ఛాతీ మీద పెట్టుకుని పెన్సిలు అందుకున్నాడు.

ఆమె స్ట్రెచరుతో వచ్చేసరికి గుమ్మంలో అప్పుడే వచ్చిన అటెండరు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "లే తాతా, ఇక చాల్లే. చావు నీకు కొత్తా?"

తాత లేవలేదు.

ఆమె కాగితం తీసుకుంది. అందులో పది వేసి ఉంది. సున్నా మాత్రం చివర కలవలేదు.