మరిదిగారు చేసిపెట్టిన ఒప్పందం

టైలరక్క కుట్టేది మేడమెట్ల కింద, పగలు కూడా బల్బు వేసుకోవలసిన ఇరుకులో. వీధి మలుపులో అద్దాల తలుపులున్న గది ఖాళీ అయిందని తెలియగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బేరాలాడడం తనకు చేతకాదు. అందుకని చెల్లెలి మొగుణ్ణి పిలిచి, తన తరఫున మాట్లాడి ఒప్పందం రాయించమంది.

"నేను చూసుకుంటాగా వదినా!" అన్నాడు మరిది.

చూసుకున్నాడు. రెండు వారాలు రోజూ వచ్చి, టీ తాగి, యజమాని బొత్తిగా దిగిరావడం లేదని చెప్పి వెళ్లాడు. మూడో వారం ఆ గదికి సెల్‌ఫోన్ల దుకాణం బోర్డు వేలాడింది. మూడేళ్ల ఒప్పందం, మరిది పేరు మీదే.

అక్క నిలదీసింది.

"ఏం చెయ్యను వదినా, ఆయన నన్ను చూసి ముచ్చటపడ్డాడు. అయినా నీ దగ్గరేమన్నా పుచ్చుకున్నానా? ఊరికే తిరిగానుగా!"

ఊరికే తిరిగినవాడికి గది దక్కాలన్నది ఆ మహానుభావుడి న్యాయశాస్త్రం.

ఆ రాత్రి అక్కకు నిద్ర లేదు. మర్నాడు లాయరమ్మ కోటు కొలతకు వస్తే, గుండుసూదులు గుచ్చుతూనే తన గోడు వెళ్లబోసుకుంది.

"ఊరికే చేసినా ఏజెంటు ఏజెంటే," అంది లాయరమ్మ. "నీ పని మీద వెళ్లి తను కొట్టేసింది నీకే చెందుతుంది. ఆ హక్కు నీ పేరుకు బదిలీ చెయ్యమందాం. యజమాని ఒప్పుకుంటే చాలు."

యజమాని తెల్లబోయాడు. "మీరే వద్దనుకున్నారని చెప్పాడే మీ మరిది! బదిలీకి నాకేం అభ్యంతరం లేదు."

నోటీసు అందుకున్న మరిది చిందులు తొక్కాడు. చెల్లెలు మాత్రం, "మా అక్క ముందు తలెత్తుకోలేకుండా చేశావు. సంతకం పెట్టేదాకా నాతో మాట్లాడకు," అంది. నాలుగో రోజుకు బదిలీ కాగితం మీద సంతకం పడింది.

"అన్నట్టు, గదికి రంగులు మీరే వేయిస్తానని రాసిచ్చారు," అంది లాయరమ్మ అతనితో, కాగితం మడుస్తూ. "హక్కు చేతులు మారింది కానీ ఆ బాధ్యత మీదే. యజమాని వదిలేస్తే తప్ప."

అందరూ యజమాని వైపు చూశారు. ఆయన పెచ్చులూడిన గోడ వైపు చూశాడు.

"నేను వదలను," అన్నాడు.

కూలికి మనిషిని పెట్టడానికి మనసొప్పక మరిదిగారే నిచ్చెనెక్కారు. రంగు ఎంచే పని అక్కకు వదిలారు. ఆమె రంగుల దుకాణంలో అడిగి మరీ, మూడు పూతలు వేస్తేగానీ తేలని లేత పసుపు ఎంచింది.