మా ఆవిడ గోల్ఫ్ కర్ర

మార్చి పదకొండు, ఆదివారం. పొద్దున ఉడకబెట్టిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె తిన్నాం. మాడ్చింది నేనే. మా బావ మాడిన వైపు కిందికి తిప్పుకుని మారు మాట్లాడకుండా తినేశాడు. నా వంటకు వంక పెట్టలేదంటే ఆయన మనసు బాగాలేదని అర్థం.

బావ అంటే మా ఆవిడకు అన్న. ఆవిడ పోయి మూడేళ్లయినా ప్రతి ఆదివారం వచ్చి, నన్ను గోల్ఫ్ మైదానానికి లాక్కెళ్లి, రాత్రి భోజనం చేసిగానీ కదలడు. కారు తలుపైనా, మా ఇంటి తలుపైనా ధడాలున వేయడం ఆయన అలవాటు. ఆ మోత వింటేనే మా ఇంటికి ఆదివారం వచ్చినట్టు.

"ఇవాళ కూడా బంతి నీళ్లలో పడిందో, బ్యాగు ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటా. ఇక నావల్ల కాదు బావా" అన్నాడాయన నాతో, చేతులు కడుక్కుంటూ.

ఊరికే వచ్చి కూర్చునే మనిషి కాదాయన. ఆట మానేస్తే నా ఆదివారాలు కూడా పోయినట్టే.

గొడవంతా మైదానం చివర ఉన్న నీటిగుంటతో. ఏడాదిగా ఆయన కొట్టిన బంతి అవతలి గట్టు చేరడం లేదు. ఒకసారి గాలి ఎదురొచ్చిందన్నాడు. ఒకసారి బంతి మంచిది కాదన్నాడు. ఇంకోసారి, సరిగ్గా కొట్టే సమయానికి నేను దగ్గానన్నాడు.

అసలు కారణం మా అమ్మాయికి తెలుసు. గోల్ఫ్ కర్రలు బాగుచేసే చిన్న షాపు తనది. అంతకుముందు వారం మొక్కలకు నీళ్లు పెడుతూ, చరిత్ర చదువుకున్న నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"మామయ్య డ్రైవర్ ఉంది చూశావా, అదే, దూరం కొట్టే పొడుగు కర్ర. బంతికి తగిలే దాని ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది నాన్నా. కాడ బిర్రుగా ఉంటుంది. చెయ్యి జోరుగా తిరిగినన్నాళ్లూ అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు చెయ్యి నెమ్మదించింది. బంతి పైకి లేవకుండానే దిగిపోతోంది."

"అయితే ఇంకా గట్టిగా కొట్టాలి కదా?"

"మామయ్య కూడా అదే అంటాడు, నువ్వూ అదే అను." కుళాయి కాస్త కట్టేసి గొట్టం నా చేతికిచ్చింది. "ఇదిగో, ధార తగ్గింది. ఆ చివరి మొక్కకు నీళ్లందాలంటే ఏం చేస్తావ్?"

గొట్టం మూతి పైకెత్తాను. నీళ్లు అందాయి.

"అంతే! అమ్మ కర్ర ముఖం వెనక్కి వాలి ఉంటుంది. బంతిని ఎత్తి పంపుతుంది. కాడ మెత్తనిది వేస్తే అదీ కాస్త సాయం చేస్తుంది."

"మీ మామయ్య ఆడవాళ్ల కర్ర పట్టుకుంటాడా?"

"చస్తే పట్టుకోడు. అందుకే చెప్పం."

పిడి మారుస్తానని చెప్పి ఆయన డ్రైవర్ కర్రను షాపుకు పట్టుకెళ్లింది. తన అమ్మ కర్ర తలను వేడిచేసి ఊడదీసి, ఆయన ఎత్తుకు తగ్గ మెత్తని కాడకు అంటించింది. ఆ తల ముదురెరుపు. దానికి నల్లరంగు వేసింది. పైన ఆయన పాత తొడుగే తొడిగింది. ఎరుపు కనపడకుండా పోతుంటే నేను కాసేపు షాపు బయట నిలబడ్డాను.

రొట్టె మాడిన ఆ ఆదివారం అమ్మాయి కూడా మాతో వచ్చింది. నీటిగుంట దగ్గర బావ తొడుగు తీసి, కాళ్లు సర్దుకుని, నావైపు చూశాడు.

"దగ్గు వస్తే ఇప్పుడే దగ్గెయ్ బావా."

"రావట్లేదు, కొట్టు."

కొట్టాడు. ఠంగుమంది.

నేను బంతిని చూడనే లేదు. అంత రంగు వేశాం, అన్నీ మార్చాం, చప్పుడు సంగతే మరిచిపోయాం. ఆయన కర్ర ధబ్బుమనేది. మా ఆవిడది స్టీలు గిన్నె మీద గరిటె పడ్డట్టు మోగేది. మైదానంలో ఎవరు విన్నా అది ఆవిడేనని పోల్చుకునేవారు. "అదిగో, మా చెల్లెలు వంటిల్లు మోసుకొచ్చింది" అని ఏడిపించేది ఈ బావే. మూడేళ్ల తర్వాత విన్నాను ఆ చప్పుడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

బంతి మాత్రం ఎత్తుగా లేచి, తాపీగా వెళ్లి అవతలి గడ్డిలో పడింది.

బావ బంతి వంక చూడలేదు. కర్ర తల తిప్పి చూశాడు. నన్ను చూశాడు. అమ్మాయిని చూశాడు. కర్ర విసిరికొట్టి కారెక్కుతాడేమోనని నా భయం.

"పిడి మారిస్తే ఇంత తేడానా కోడలా?" అన్నాడు చివరికి.

"చాలా తేడా మామయ్యా."

"పిడి కాదులే. మీ నాన్న దగ్గలేదు, అదీ సంగతి."

రాత్రి భోజనం దగ్గర చెంచా నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించాడు. "ఇది సూపా బావా, గిన్నె కడిగిన నీళ్లా?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇంకో గరిటెడు వడ్డించాను.

"నా పాత తల ఎక్కడ దాచావ్?" అన్నాడు అమ్మాయితో, తల ఎత్తకుండానే.

అమ్మాయి చెంచా గాల్లో ఆగిపోయింది. "షాపులో ఉంది. మళ్లీ... బిగించి ఇచ్చేయనా?"

"వద్దులే. దానికి వయసైపోయింది."

నాకు నవ్వొచ్చి పొలమారింది.

"ఇప్పుడు దగ్గు, ఎంతైనా దగ్గు" అన్నాడు బావ.

వెళ్లేముందు కారులోంచి ఆ కర్ర తెచ్చాడు. మా ఆవిడ గోల్ఫ్ బ్యాగు ఉన్న చిన్న గదిలోకి వెళ్లి, అందులో ఖాళీగా ఉన్న చోట దాన్ని నిలబెట్టాడు.

"ఇక్కడే ఉండనీ. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుంటా" అన్నాడు.

లైటు ఆర్పి, ఆ గది తలుపు పిడి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.