నా అనువాదానికి అంత్యక్రియలు

మా పవిత్ర గ్రంథానికి నేను చేసిన అనువాదం గోడౌన్‌లో కట్టలు విప్పకుండా పడి ఉంది. వచ్చే వారం దాన్ని కాగితం మిల్లుకు తోలేస్తానని ప్రచురణకర్త చల్లగా చెప్పాడు. కడుపు మండిపోయింది. పాఠకులు లేకపోతే పోయారు, నా పుస్తకానికి పరువుగా పోయే యోగమైనా ఉండొద్దా?

మా ఊళ్లో గ్రంథాలయం వెనక ఒక గది ఉంది. అన్ని మతాలవాళ్లూ చదివి చదివి చిరిగిపోయిన తమ గ్రంథాలను అక్కడ ఇస్తారు. వాటిని చెత్తలో వేయకుండా భక్తిగా మట్టిలో పూడ్చిపెడతారు. నా పుస్తకం ఒక్కటి ఆ గదిలో చేరితే చాలు, అదీ పవిత్ర గ్రంథమే అయిపోతుంది, ఇక మిల్లుకు పంపడానికి ప్రచురణకర్తకు చేతులు రావు. ఇదీ నా ఘనమైన పథకం.

గది చూసుకునే పెద్దాయన నా కొత్త ప్రతిని అటూ ఇటూ తిప్పాడు. కొందరు మూలమైతేనే గ్రంథమంటారట, కొందరికి అనువాదమే గ్రంథమట. ఆ తగువు తనకెందుకని, చదివి నలిగినదైతే ఏ భాషలో ఉన్నా తీసుకుంటానన్నాడు.

"ఇది ఎవరూ ముట్టుకున్నట్టు లేదండీ," అన్నాడు మర్యాదగా.

నలిగిన ప్రతి దొరుకుతుందేమోనని, నేను పుస్తకం ఇచ్చిన తెలిసినవాళ్లందరి ఇళ్లకూ తిరిగాను. అందరూ ఎంత భద్రంగా దాచారంటే, ఒక్క ప్రతికీ మడత కూడా పడలేదు. ఇంటికొచ్చి ఒకదాని మీద కాఫీ ఒలికించి, మూలలు మడుస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కాసేపు చూసింది.

"అంత కష్టమెందుకు? చదివితే అదే నలుగుతుంది కదా," అంది.

పౌరుషానికి పోయి పైకి చదవడం మొదలుపెట్టాను. పక్కగదిలో మంచం పట్టిన అమ్మ ఉంది. ఆమెకు మూలమంతా కంఠతా వచ్చు, అర్థం తెలియదు. దేవుడి మాటను మార్చిన పుస్తకం కొడుకు రాసినదైనా ముట్టనని ఎప్పుడో తేల్చేసింది. తిడుతుందనే అనుకున్నాను.

"ఇంతకాలం నేను చెప్పుకున్నది ఇదా?" అంది అమ్మ. "ఇటొచ్చి కూర్చుని చదువు."

పుస్తకం పట్టుకుని వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆ వారమంతా చదివాను. కొన్నిచోట్ల నా భాష నాకే కొరుకుడుపడలేదు. అక్కడ అమ్మ మూలం చెబితే, నేను మామూలు మాటల్లో మళ్లీ చెప్పాను. పుస్తకం నిజంగానే నలిగింది, అట్ట ఊడింది. గదికి తీసుకెళ్దామని సంచిలో పెట్టబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పథకమంతా విడమరిచి, ఇది ఇవ్వకపోతే మిగతావన్నీ మిల్లుకు పోతాయని చెప్పాను.

"పోతే పోనీరా. చదువుతున్నదాన్ని ఎవరైనా పూడ్చిపెడతారా?"

లారీ బయల్దేరిందని ప్రచురణకర్త ఫోన్ చేసేసరికి నేను పేజీ మధ్యలో ఉన్నాను. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.