ఎగ్జిట్ బటన్

భూమేశ్వర్ రాసిన ప్రోగ్రాం ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ఛాతీ కాస్త ఉబ్బేది. ఆర్మూర్‌లో పసుపు అడ్తి దుకాణం పైన గల్ఫ్ కుటుంబాల సంఘం ఉంది. అక్కడ ఒక కంప్యూటర్ పెట్టి, దుబాయ్‌లో ఇరుక్కున్న వాళ్ల ఇంటివాళ్లు తామే అర్జీ నింపుకునేలా ఆ ప్రోగ్రాం తయారుచేశాడు. సంఘం వాటిని కాన్సులేట్‌కు పంపుతుంది. వీసా లేకుండా ఉండిపోయినవాళ్లకు అక్కడి ప్రభుత్వం ప్రకటించిన క్షమాభిక్ష గడువులోపు పేరు చేరితే జైలు లేకుండా మనిషి ఇంటికి రావచ్చు.

ప్రోగ్రాంను నెట్‌లో పెట్టాక ముక్కూమొహం తెలియని వాళ్లెందరో దాన్ని బాగుచేశారు. వేగం పెంచారు, తప్పులు ఏరారు. ఒకామె మాత్రం, "వాడేవాళ్ల పక్కన ఎప్పుడైనా కూర్చున్నారా? చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా చూడండి" అని రాసింది. భూమేశ్వర్‌కు నవ్వొచ్చింది. తెరమీద పుస్తకాల మాటలు కూడా కాదు, జనం నోట నలిగే మాటలే పెట్టాడు. ఇంకేం కావాలట? "చూస్తాం" అని జవాబు పడేసి ఊరుకున్నాడు. మహా పనిమంతుడు మరి!

గడువు ముగిసిన మర్నాడు మోర్తాడ్ నుంచి సాయవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. భర్త హన్మాండ్లు కంపెనీ వదిలేసి మూడేళ్లుగా దుబాయ్‌లో దాక్కుని బతుకుతున్నాడు.

"అర్జీ పెట్టి రెండు నెల్లాయె సార్. ఇంకా పిలుపే రాకపాయె."

భూమేశ్వర్ వెతికాడు. హన్మాండ్లు పేరే లేదు.

"నువ్వు పెట్టనట్టుందమ్మ."

"పెట్టిన సార్! గిదే కుర్చీల కూసోని పెట్టిన. ధన్యవాదాలని గూడ వచ్చె."

అబద్ధమాడుతోందనే అనుకున్నాడు. "ఎట్ల పెట్టినవో జర సూపియ్యి" అని కూర్చోబెట్టాడు. అప్పుడు నెట్‌లో ఒకామె రాసిన మాట గుర్తొచ్చి, చేతులు కట్టుకుని నోరు మూసుకున్నాడు.

సాయవ్వ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పేరు, ఊరు, కంపెనీ. పాస్‌పోర్టు నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఒక్క తప్పు లేదు. చివర రెండు బటన్లు వచ్చాయి: సబ్మిట్, ఎగ్జిట్. ఆమె తడబడలేదు. ఎగ్జిట్ నొక్కింది. నింపిందంతా చెరిగిపోయి, తెరమీద ధన్యవాదాలు అని వచ్చింది.

"గదెందుకు ఒత్తినవమ్మ?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "మా ఇంటాయనకు ఎగ్జిట్ గావాలె గద సార్. ఎగ్జిట్ కొడితెనే గద ఇంటికొచ్చేది."

పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడితే మనిషి ఇల్లు చేరినట్టే. ఈ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలిసిన మాట అది. భూమేశ్వర్ సొంత బావ కూడా అలాగే వచ్చాడు. అన్నీ తెలిసి, ప్రోగ్రాం మూసే బటన్ మీద ఆ మాటే రాశాడు. పైగా ముచ్చటపడి ధన్యవాదాలు చెప్పించాడు.

తప్పు తనదేనని, గడువు నిన్నటితో అయిపోయిందని ఆమెకు చెప్పాడు. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నీ తప్పేంది సార్. నాకే సదువు రాకపాయె" అంది సాయవ్వ. నాలుగు తిట్టినా బాగుండేది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. తర్వాత ఉన్నట్టుండి తలెత్తింది.

"మా వాడకట్టుల ఐదుగురు ఆడోళ్లకు ఎగ్జిటే ఒత్తుండ్రని నేనే జెప్పిన సార్. వాళ్లయి గూడ పోలేదా?"

భూమేశ్వర్ జాబితా తెరిచి మోర్తాడ్ అని వెతికాడు; ఒక్క పేరూ రాలేదు.

"ఇగ వాళ్ల మొకం ఎట్ల సూడాలె సార్ నేను?"